సిద్దెలోని నూనె



మెలకువగా ఉండవలెనను మాట మన సంఘములలో తరచుగా వినబడుచున్నది. యుద్ధవార్త వచ్చినను, భూకంపము కలిగినను, రాకడ సమీపించెనని ఒకరితో ఒకరము చెప్పుకొందుము. రెండు వారములు ప్రార్థన కూడికలు నిండుగా ఉండును. మూడవ వారమునుండి చాపలు ఖాళీయగును. మెలకువ అనగా ఇట్టి ఉలికిపాటేనా? కొంచెము ఆలోచింతము.

మత్తయి సువార్త 25వ అధ్యాయములోని పదిమంది కన్యకల ఉపమానము మనమందరము ఎరిగినదే. అందులో మనము త్వరగా దాటిపోవు సంగతి ఒకటున్నది. పెండ్లికుమారుడు ఆలస్యము చేయగా నిద్రించినవారు బుద్ధిలేని ఐదుగురు మాత్రమే కారు, పదిమందియు నిద్రించిరి. ఉపమానము చివర మెలకువగా ఉండమని హెచ్చరించిన ప్రభువు, ఆ నిద్రనుబట్టి బుద్ధిగలవారిని తప్పుపట్టలేదు. అర్ధరాత్రి కేక వినబడినప్పుడు తేలిన భేదము ఒక్కటే: సిద్దెలో నూనె ఉన్నదా, లేదా? కాబట్టి అవసరము కనబడకముందే చేసికొనిన సిద్ధపాటే మెలకువ.

ఇచ్చట ఒక ప్రశ్న పుట్టును. ఉన్నవారు లేనివారికి ఇయ్యవలెనని బోధించిన ప్రభువే, నూనె పంచని కన్యకలను బుద్ధిగలవారని ఏల పిలిచెను? అది స్వార్థము కాదా?

అన్నము పంచవచ్చును, వస్త్రము పంచవచ్చును. రోగి ప్రక్కన రాత్రంతయు కూర్చుండవచ్చును. అయితే సత్యము పలుకు అలవాటు, క్షమించు మనస్సు, ప్రార్థనలో నిలకడ, ఇవి దినదినము చుక్క చుక్కగా పోగగునవి. కావలసిన గడియలో ఒకరి హృదయమునుండి మరియొకరి హృదయములోనికి వంచి పోయలేము. ఇయ్య మనస్సులేక కాదు, ఇచ్చుటకు వీలులేక.

ఆ నూనె ఎట్లు పోగగునో 24వ అధ్యాయము చివర ఉన్న దాసులను చూచిన తెలియును. ఒకడు ఇంటివారికి వేళకు అన్నము పెట్టెను. మరియొకడు యజమానుడు ఆలస్యము చేయుచున్నాడని తోడి దాసులను కొట్టెను. రాక దినము ముందుగా తెలిసియుండిన యెడల ఆ రెండవవాడు కూడ ఆ ఒక్క దినము మంచివాడుగానే కనబడియుండును. ఎవరును చూడని వేళ చేసిన పనియే మనము ఎవరమో తెలుపును. ఆ గడియ మరుగైయుండుటలో మన మేలే ఉన్నది.

మన తెలుగు బాప్టిస్టు చరిత్రలోనే దీనికి సాక్ష్యమున్నది. 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున లైమన్ జ్యూయెట్ దొరగారు, దొరసానిగారు, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండపైకి ఎక్కి, ఆ ప్రాంతమునకు ఒక సేవకుని పంపుమని ప్రార్థించిరి. జాన్ క్లౌ దొరగారు ఒంగోలుకు వచ్చినది 1866లో. ఈ పన్నెండేండ్లు జ్యూయెట్ గారు కొండమీదనే కనిపెట్టుకొని కూర్చుండలేదు. దిగివచ్చి బోధించిరి, తెలుగు లేఖనముల పనిలో శ్రమపడిరి. 1878 జూలై 3న ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందుటను మనము ఉత్సాహముగా చెప్పుకొందుము. దాని వెనుకనున్న ఆ మౌన సంవత్సరములను మరువరాదు.

మన తాతలు, ముత్తాతలు కోలారు గనులకు, బొంబాయి మిల్లులకు, రైల్వే పనులకు వచ్చి, పరాయి ఊళ్లలో మందిరములు నిలిపిరి. ఆ గోడలు మనకు వచ్చినవి, రిజిస్టరులో పేర్లు వచ్చినవి. నూనె మాత్రము వారసత్వముగా రాదు. మన పిల్లలు కన్నడములో, తమిళములో, మరాఠీలో, ఒడియాలో చదువుచున్నారు. తెలుగు బైబిలు చదువలేని బిడ్డకు తనకు తెలిసిన భాషలోనైనను ఇంటిలో వాక్యము చెప్పుచున్నామా? అదియు వేళకు అన్నము పెట్టుటయే. ఏండ్ల తరబడి పలుకరించని సహోదరునితో సమాధానపడితిమా? తీర్చవలసిన బాకీ తీర్చితిమా?

బుద్ధిలేని ఐదుగురును చివరకు నూనె కొనుటకు వెళ్లిరి. వారు చేసిన పని సరియైనదే; చేయవలసిన వేళ దాటిపోయెను. మనకు ఇంకను వేళయున్నది.