ఓటమికి కర్త యెవడు?

2021వ సంవత్సరము ఏప్రిల్ 25వ తేదీ రాత్రి, మహమ్మారి రెండవ వెల్లువకు వెఱచి ఎమ్మిగనూరు వీథులన్నియు తలుపులు బిగించుకొనియుండగా, నేతపని చేయు మా బంధువుల యింట మేము నలువురము టీవీ యెదుట ఊపిరి బిగబట్టి కూర్చుంటిమి. చెన్నైలో సన్‌రైజర్స్ హైదరాబాదు జట్టునకును ఢిల్లీ క్యాపిటల్స్ జట్టునకును జరుగుచున్న ఆట, ఇరుపక్షముల పరుగులును 159 వద్ద సమమై, సూపర్ ఓవరునకు వచ్చెను. 66 పరుగులతో అజేయుడై విలియమ్సన్ మా జట్టును అంతవఱకు మోసికొనివచ్చెను. 18 బంతులలో 38 పరుగులు కొట్టిన బెయిర్‌స్టో వెలుపల కూర్చుండియుండెను. అయినను నాయకుడైన డేవిడ్ వార్నర్, విలియమ్సన్‌తో గూడి తానే బ్యాటు పట్టి దిగెను. ఎదుట బంతి పట్టినవాడు, కోవిడ్ నుండి కోలుకొని ఆనాడే బరిలోనికి మరలివచ్చిన యెడమచేతి స్పిన్నరు అక్షర్ పటేల్. ఆ యోవరున ఎనిమిది పరుగులు వచ్చినట్లే కనబడెను గాని, పరుగునకు మళ్లునప్పుడు వార్నర్ బ్యాటు గీతను దాటి నేల తాకలేదని తేలుటచే ఒకటి కొట్టివేయబడి యేడు మిగిలెను. రషీద్ ఖాన్ వేసిన బదులు ఓవరున ఢిల్లీవారు చివరి బంతికి ఎనిమిదవ పరుగు తీసి గెలిచిరి.

ఆ క్షణమున నా నోట వెడలిన మాటలను ఇచట వ్రాయజాలను. బెయిర్‌స్టోను ఏల పంపలేదని, ఎడమచేతి బ్యాటరు ఎడమచేతి స్పిన్నుకు ఎదురేగుట యేమి వివేకమని, సర్వదోషమును ఆ యొక్కని తలపై పోసితిని. నా ప్రక్కన మౌనముగా కూర్చున్న మా పెదమామ, యేబది యేండ్లు మగ్గముగుంటలో కాళ్లాడించినవాడు, మెల్లగా ననెను: "పోగు తెగితే నాడెను తిడితే అతుకుతుందా నాయనా? అట్లని నా చెయ్యి తప్పేమీ లేదంటే ఆ బట్ట ఒప్పుకుంటుందా?"

ఆయన రెండు వాక్యములును పరస్పరవిరుద్ధములుగా నాకు తోచెను. మొదటిది దోషమును పలుచోట్లకు పంచుచున్నది. రెండవది దానిని మరల చేతి వద్దకే తెచ్చుచున్నది. కాని నేత యెఱిగినవారికి ఇందు వైరుధ్యము లేదు. ఆదోని పత్తిబజారునకు వచ్చు దూది గుణము, నూలు వడికిన తీరు, గంజి పాకము, ఆనాటి గాలిలోని తేమ, నేయువాని చేయి, ఇవన్నియు కలిసినగాని బట్ట కాదు. అయినను చేయి చేయియే.

భగవద్గీత పదునెనిమిదవ యధ్యాయమున సర్వకర్మలకును అయిదు కారణములు చెప్పబడినవి: అధిష్ఠానమైన శరీరము, కర్త, కరణములు, వివిధములైన చేష్టలు, అయిదవది దైవము. ఇట్లుండగా కేవలము ఆత్మనే కర్తగా చూచువాడు సరిగా చూచుటలేదని భగవానుడే హెచ్చరించెను. ఎమ్మిగనూరికి పొరుగున తుంగభద్రాతీరమున, ఆదోని నవాబు దానమిచ్చినదని ప్రతీతి గల మంచాల గ్రామమున, అనగా నేటి మంత్రాలయమున, 1671లో బృందావనప్రవేశము చేసిన రాఘవేంద్రస్వామి ఈ గీతకే వివృతి రచించిన మహనీయుడు. ఆ మాధ్వసంప్రదాయమున జీవునకు కర్తృత్వము లేదనరు; లేనిచో విధినిషేధములు ఎవని నుద్దేశించి చెప్పబడినట్లు? ఉన్నదందురు, కాని పరాధీనమందురు. స్వతంత్రకర్త శ్రీహరి యొక్కడే. చిన్ననాటినుండి ఆ మఠమునకు పోయివచ్చుచున్నను, ఈ సిద్ధాంతము నా నిత్యజీవితమున ఎచట తగులునో ఆ రాత్రి వఱకు నేను గ్రహింపలేదు.

వార్నర్‌పై నా కోపమంతయు, అతనికి స్వతంత్రకర్తృత్వము నంటగట్టుటయే గదా! దీనికి మూలము నా పూర్వపు భక్తిలోనే యున్నది. 2016లో అతని నాయకత్వమున ఈ జట్టు, తుదిపోరున బెంగుళూరును 8 పరుగులతో ఓడించి కప్పు గెలిచినప్పుడు, ఆ యేట 23 వికెట్లతో బౌలర్లలో అగ్రగణ్యుడైన భువనేశ్వర్ కుమార్‌ను సైతము వెనుకకు నెట్టి, గెలుపునంతటిని నాయకుని పేరనే వ్రాసికొంటిని. నాడు దేవుని జేసినవానినే నేడు దోషిని జేసితిని. రెండుమాఱులును ఆ మనుష్యుని చూడనేలేదు.

కౌరవసేనలోను ఇట్లే జరిగినది. దుర్యోధనుడు పాండవపక్షపాతియని భీష్ముని శంకించెను, ద్రోణుని నిష్ఠురములాడెను. భీష్ముడు పది దినములు, ద్రోణుడు అయిదు, కర్ణుడు రెండు, శల్యుడు అర్ధదినము, ఇట్లు సేనాపతులు మాఱిరే గాని యుద్ధకారణమైన తన లోభమువైపు అతని దృష్టి మరలలేదు. అయినను భీష్మద్రోణులు నిర్దోషులని నేననను. సభలో ద్రౌపది యడిగినప్పుడు సూటియైన సమాధానము చెప్పకపోవుట వారి చేతిలోని పని. బ్యాటును గీత దాటించుటయు వార్నర్ చేతిలోని పనియే. ఆ యొక్క పరుగునకు అతడు జవాబుదారి. అక్షర్ పటేల్ నేర్పునకును, ఢిల్లీవారి చివరి పరుగునకును కాడు. కోపము తప్పు కాదు, దానికి కొలత లేకపోవుట తప్పని నాకిప్పుడు తోచుచున్నది.

ఆరు ఆటలలో ఒక్కటియే గెలిచిన పిమ్మట, మే 1వ తేదీన వార్నర్‌ను తొలగించి విలియమ్సన్‌ను నాయకుని జేసిరి. మఱునాడు రాజస్థానుతో ఆడిన పదునొకండుగురిలో వార్నర్ లేడు. జట్టు 55 పరుగులతో ఓడిపోయెను. అదే గదిలో, అదే చాపపై, మేము నలువురమును కూర్చుండియే యుంటిమి. ఆట ముగిసిన తరువాత తిట్టుటకు నోరు తెఱచితిని గాని, అలవాటైన పేరు ఆనాటి పట్టికలో లేదు. పెదమామ నావైపు ఒకసారి చూచి, టీవీ ఆర్పి, మగ్గమున్న గదిలోనికి పోయెను.