బలిపీఠముమీద తుమ్మకొమ్మ

లెంతు దినములలో అమరావతి మందిరమున బంతిపూలు మాని, అరణ్యమును తలపించు అలంకారము చేసితిమి. పలనాటి నాపరాయి, ఎండిన తుమ్మకొమ్మ, నడుమ ఆకులేని మోదుగరెమ్మ, నిప్పువంటి పూలతో. ఎడారి పూయుననెడి యెషయా 35వ అధ్యాయమే మా మనస్సులోనుండెను. కొందరికిది మరీ సాహసముగా తోచెను.

మాచర్లవైపునుండి కోడలుగా వచ్చిన వృద్ధురాలొకతె చూచి, "అయ్యగారూ, మా కరువు మీకంత ముచ్చటగా ఉన్నదా?" అనెను. సిగ్గుపడితిమి. 1967లో సాగరు కాలువలకు నీరు విడువక మునుపు, చిన్ననాట, బీటలువారిన చేలను చూచిన కన్నులవి.

ఒకరి బాధను అందముగా అమర్చుట తగునా? దానిని బంతిపూలతో కప్పుట అంతకంటె పెద్ద అబద్ధము కాదా? ప్రభువు నలువది దినములు ఉపవాసముండిన చోటు పూలతోట కాదుగదా.

తీసివేయుదుమా అని ఆమెనే అడిగితిమి. తుమ్మకొమ్మను తీయనీయలేదు. మోదుగను కొంచెము వెనుకకు జరిపి, ముంతెడు నీళ్లు తెచ్చి ముందర పెట్టెను.