కర్ర కొసన తోలుముక్క

ఒరే అల్లుడూ,

పూల్ కర్ర కొసన వేసే తోలు టిప్ కముయిది కొనమంటావా, మూరిది కొనమంటావా మావయ్యా అని అడిగావు. రెండూ ఇప్పుడే వద్దు. ముందు నీ కర్ర కొస ఎన్ని మిల్లీమీటర్లుందో కొలుచుకో, ఏ బల్ల మీద ఆడుతున్నావో చూసుకో. కొనే సంగతి ఆ తర్వాత. కూర్మనాథుడి ఊళ్లో పుట్టి, వరాహ నరసింహుడి ఊరికి చదువుకి వెళ్లిన గుంటడివి. సాయంత్రం పూట కాసేపు పూల్ ఆడుకుంటే తప్పేటి? మీ అమ్మకి నచ్చదని నాకు తెలుసు, తనతో నేను మాట్లాడతాలే. డబ్బులు కాసి మాత్రం ఆడకు. ఇంక ఆ ఊసు ఎత్తను.

నీ స్నేహితులు ఏం చెప్పి ఉంటారో ఊహించగలను. టిప్ ఎంత మెత్తగా ఉంటే బంతికి అంత స్పిన్ వస్తుందని చెప్పి ఉంటారు. పార్లర్లలో ఈ మాట ఎప్పటినుంచో తిరుగుతోంది. నువ్వు నమ్మకు. తెల్ల బంతిని నడిమధ్య నుంచి ఎంత పక్కకి జరిగి కొట్టావన్న దాన్ని బట్టే స్పిన్ వస్తుంది. పూల్ బంతి వ్యాసం 57 మిల్లీమీటర్ల పైచిలుకు. మధ్య నుంచి ఇంచుమించు 14 మిల్లీమీటర్లు, అంటే వ్యాసార్ధంలో సగం దాకా జరగొచ్చు. అది దాటితే నీ టిప్ ఏ దేశానిదైనా జారుతుంది. మిస్ క్యూ అవుతుంది, పక్క బల్ల వాళ్లు కూడా తిరిగి చూస్తారు. ఆ హద్దు దాకా జారకుండా బంతిని పట్టుకోవడమే టిప్ పని. ఆ పట్టులో తోలు వాటా కొంత, దాని మీద రాసే చాక్ వాటా ఎక్కువ.

మరి మెత్తన, గట్టి అనే తేడా దేనికంటావా? టిప్ బంతిని అంటుకుని ఉండేది సెకనులో వెయ్యో వంతు. బాగా మెత్తటిదైతే దానికి రెట్టింపు. మెత్తటి తోలు చాక్‌ని ఎక్కువసేపు పట్టి ఉంచుతుంది, దెబ్బని కొంచెం తనలోకి తీసుకుంటుంది. గట్టిది దెబ్బంతా బంతికే ఇచ్చేస్తుంది, ఆకారం చెడకుండా చాలాకాలం వస్తుంది, కానీ చాక్ రాయడం మరిచిపోతే ఊరుకోదు. ఎంత బలంగా కొడితే తెల్ల బంతి ఎక్కడ ఆగుతుందో నీ చేతికి ఇంకా తెలీదు. అందుకని మీడియం వేయించుకో. వేయించుకున్నాక ఏడాది దాకా ఆ రకం మార్చకు. అరిగితే అదే రకం మళ్లీ వేయించు. నెలకో రకం టిప్ మార్చేవాడు బంతి తప్పిన ప్రతిసారీ తోలుని తిట్టుకుంటాడు. అతని చేతిలో ఉన్న లోపం అతనికి ఎప్పటికీ కనపడదు. టిప్ గురించి నీకు నేను చెప్పదలుచుకున్నది అసలు ఇదే. మిగతాదంతా దీనికి తోక.

ఇంక ఖరీదు. కముయి, మూరి లాంటి జపాను టిప్‌లు పల్చటి పంది తోలు పొరలు ఒకదాని మీద ఒకటి అంటించి చేసినవి. (ఈ ముక్క మీ నాయనమ్మ దగ్గర అనకు. అవతారాల వరసలో కూర్మం తర్వాత వరాహమే కదా అని నేను సర్దిచెప్పబోయినా ఆవిడ వినదు.) మంచివే, పేరు ఊరికే రాలేదు. పొరల టిప్‌లు ఒకదానికీ ఇంకోదానికీ పెద్దగా తేడా లేకుండా వస్తాయి. ఒకే ముక్క తోలుతో చేసినవి అలా కాదు, ఒకే పెట్టెలో ఒకటి రాయిలా, ఒకటి దూదిలా ఉంటాయి. అయితే ఒక్క కముయి ధరకి నీలం రంగు ఎల్క్ మాస్టర్లో, గోధుమ రంగు లె ప్రొఫెషనల్లో పదికి పైగా వస్తాయి. వాటిని గోరుతో నొక్కి చూసి, గచ్చు మీద జార్చి చప్పుడు విని, రెండు మూడు మంచివి ఏరుకున్నా లాభంలోనే ఉంటావు. ఎల్క్ మాస్టర్ మెత్తన. లె ప్రొఫెషనల్ దానికన్నా కాస్త గట్టి, నేను చెప్పిన మీడియానికి దగ్గరది, నీకు అదే సరి. పొందూరులో నూరో నంబరు నూలు వడికే ఆడవాళ్లని చూశావు కదా, పత్తిని వాలుగ చేప దవడతో ఏకుతారు. ఎన్ని యంత్రాలొచ్చినా వాళ్లు ఆ దవడ వదల్లేదు. అది ఆ పనికి కుదిరింది కాబట్టి, ఖరీదైనది కాబట్టి కాదు. నీ టిప్‌ని కూడా ఆ కంటితోనే చూడు.

మీడియం అనడానికి ఇంకో కారణం మన గాలి. శ్రీకూర్మంలోనైనా, నువ్వున్న విశాఖపట్నంలోనైనా సముద్రం పక్కనే. తోలు తేమని పీలుస్తుంది. ఏసీ ఉన్నంతసేపూ బిర్రుగా ఉన్న టిప్, తలుపులు తీసి ఉంచిన వర్షాకాలం సాయంత్రం చేతికి వేరేగా తగులుతుంది. మెత్తటి టిప్ అయితే దెబ్బ దెబ్బకీ అణిగి పక్కలకి పొంగుతుంది, టిప్ కింద కర్రకి తొడిగిన ఫెర్రూల్ అంచు దాటి గొడుగు పడుతుంది. అలా పొంగిన భాగం కింద ఆనుకోవడానికి ఏమీ ఉండదు కాబట్టి పక్క స్పిన్ కొట్టినప్పుడు మోసం చేస్తుంది. దీనికి భయపడి మరీ గట్టిది తెచ్చుకోకు. తేమ ఊళ్లలో ఆట రాదని కూడా అనుకోకు. పూల్ ఆటగాడు ఎఫ్రెన్ రేయెస్ పెరిగింది మనీలాలో, చుట్టాల పూల్ హాల్లో పనిచేస్తూ. అక్కడి ఉక్క మనకేం తీసిపోదు. 1999లో కార్డిఫ్ వెళ్లి నైన్ బాల్ ప్రపంచ చాంపియన్‌షిప్ గెలుచుకొచ్చాడు.

కొలత దగ్గర మాత్రం జాగ్రత్త. మన దేశంలో పూల్ కన్నా పాత కాపురం స్నూకరుది. 1875లో జబల్‌పూర్ సైనికాధికారుల మెస్సులో నెవిల్ చాంబర్లేన్ అనే కుర్ర అధికారి పుట్టించిన ఆట అది. ఊటీ క్లబ్బులో దానికి నియమాలు రాసి పెట్టారు. 1958లో కలకత్తాలో విల్సన్ జోన్స్ ప్రపంచ అమెచ్యూర్ బిలియర్డ్స్ గెలిచాక ఆ బల్లల మోజు మరీ పెరిగింది. అందుకని దుకాణాల్లో స్నూకర్ టిప్‌లు తేలిగ్గా దొరుకుతాయి. అవి 9, 10 మిల్లీమీటర్లవి. నీ పూల్ కర్ర కొస 13 దాకా ఉంటుంది, దాని మీద అవి చాలవు. ఫెర్రూల్ కన్నా ఒక్క మిల్లీమీటరు పెద్దది అడిగి తీసుకుని అంచు కోయించుకో. చిన్నదాన్ని పెద్దది చేయలేం కదా.

వేయడం నువ్వే నేర్చుకో. నేను ఉద్యోగంలో ఉండగా ఆడిన క్లబ్బులో స్కోరు చూసే ఒక ముసలి మార్కరు ఉండేవాడు. పాత టిప్ ఊడదీశాక ఆయన ఫెర్రూల్ పైభాగాన్ని గాజు పలక మీద పరిచిన ఉప్పు కాగితానికి నిటారుగా ఆనించి, తిప్పుతూ రెండు చుట్లు రుద్దేవాడు. పాత గమ్ పొట్టు కనపడకూడదు. టిప్ అడుగు కూడా అలాగే చదును చేసేవాడు. తర్వాత రెండూ కలిపి దీపం వైపు పట్టి చూసేవాడు, మధ్యన సన్నటి వెలుగు గీత కనిపిస్తే మళ్లీ రుద్దుడే. ఆ గీత పోయేదాకా గమ్ మూత తీసేవాడు కాదు. అంటించాక కర్రని తలకిందులుగా చెక్క మీద నొక్కిపెట్టి, బ్లేడుతో పైనుంచి కిందికి అంచులు చెక్కేవాడు, ఫెర్రూల్‌కి గీత పడకుండా. ఆ కోసిన అంచుకి ఉమ్మి తడి చేసి, పాత తోలు ముక్కతో వేడి పుట్టేదాకా రుద్దేవాడు. టిప్ పక్క గోడ నల్లగా నిగనిగలాడుతూ గట్టిపడేది. అలా గట్టిపడ్డ టిప్ తొందరగా పక్కలకి పొంగదు. ఆయన పద్ధతిలో ఇప్పటికీ మార్చాల్సింది నాకేం కనపడదు. గమ్ మాత్రం ఆయన రోజుల్లోలా కాకుండా ఇప్పుడు నిమిషాల్లో ఆరుతోంది.

పైభాగం మాత్రం నిగనిగలాడకూడదు. నున్నబడితే చాక్ నిలవదు, ఉప్పు కాగితంతో లైట్‌గా గరుకు చెయ్యి. వంపు ఎంత ఉండాలంటే, 2011లో వచ్చిన చిన్న రూపాయి బిళ్లని టిప్ పక్కన నిలబెట్టి చూడు. దాని వ్యాసం 22 మిల్లీమీటర్లు. ఆ బిళ్ల అంచు వంపూ టిప్ వంపూ కలిస్తే చాలు. అమెరికావాళ్లు తమ అయిదు సెంట్ల నికెల్‌తో చూస్తారు, అది దీనికన్నా ఒక పిసరు చిన్నది. చదునుగా వదిలేస్తే పక్క దెబ్బకి అంచు మాత్రమే తగులుతుంది. మరీ కూచిగా చెక్కితే నడిమధ్య కొట్టిన దెబ్బ కూడా కుదురుగా ఉండదు.

ఈ తోలు మహిమ కనిపెట్టినవాడు ఫ్రాన్సు దేశపు సైనికుడు, కెప్టెన్ మింగో. రాజకీయ ఖైదీగా పారిస్ జైల్లో ఉండి, అక్కడి బిలియర్డ్స్ బల్ల మీద ప్రయోగాలు చేశాడంటారు. 1807 నాటి మాట. అంతకుముందు ఒట్టి కర్ర కొసతోనే పొడిచేవారు, నడిమధ్య తప్ప ఇంకెక్కడ తగిలినా జారిపోయేది. ఆయన తోలు అంటించాకే బంతిని వెనక్కి రప్పించడం మామూలయింది. ఇప్పటి రకం చాక్ సంగతి ఇంకా తర్వాత. 1897లో స్పింక్స్ అనే ఆటగాడూ, హోస్కిన్స్ అనే రసాయనాల మనిషీ కలిసి అమెరికాలో పేటెంటు తీసుకున్నారు. పేరుకి చాక్ గానీ అది మన బడి సుద్ద కాదు, ఇసుకలో ఉండే సిలికా, కురువిందం పొడి కలిపి చేసిన గరుకు ముద్ద. సుద్దముక్క తెచ్చి రాసేవాళ్లని నేను చూశాను, ఏమీ లాభం లేదు.

చాక్‌ని టిప్ మీద పెట్టి బరబరా తిప్పకు. చాక్ ముక్కలో గుంట పడి దాని అంచు ఫెర్రూల్‌ని కోస్తుంది, టిప్ మధ్యలో మాత్రం సరిగా అంటదు. కుంచెతో రంగు వేసినట్టు పైపైన, ప్రతి దెబ్బకీ ముందు. రాశాక రంగున్న ముఖం పైకి ఉండేలా పెట్టు, లేకపోతే బల్ల గుడ్డకీ నీ చొక్కాకీ అంటుతుంది.

ఆట మొదట్లో బంతుల గుంపుని చెదరగొట్టే బ్రేక్‌కి నీ కర్ర వాడకు. ఆ దెబ్బలకి కొత్త టిప్ వారం తిరక్కుండా అణిగిపోతుంది. బ్రేక్ కర్రలకి ఫినాలిక్ టిప్‌లు వేస్తారు, అవి తోలే కావు. నీకు ఇప్పుడే అంత అక్కర్లేదు, పార్లర్లో గోడకున్న కర్రల్లో ఒకటి తీసుకుని బ్రేక్ కొట్టు. సొంత కర్రని మాత్రం తడి గోడకి ఆనించకు, ఎండలో బండి మీద వదిలేయకు. సంచిలో పడుకోబెట్టి ఉంచు.

డోలోత్సవానికి ఎలాగూ వస్తావు కదా, కర్ర తెచ్చుకో. 14 మిల్లీమీటర్ల లె ప్రొఫెషనల్ మూడు కొను. మొదటిది కోయడంలో నీ చేతిలో పాడవుతుంది, అది మామూలే. బ్లేడూ ఉప్పు కాగితం మన ఇంట్లో ఉన్నాయి. గమ్ పిసరు చిక్కటిది, జెల్ రకం, అక్కడే చూసి తీసుకురా, నీళ్లలా కారేది వద్దు. కాఫీ తాగి, పుష్కరిణి వైపు అరుగు మీద కూర్చుని వేసేద్దాం.