ఎర్రనీరు చెప్పే సాక్ష్యం

గోదావరికి ఎర్రనీరు వస్తే ఎగువన వాన పడిందని రాజమండ్రి వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కార్యాన్ని చూసి కారణాన్ని ఊహించే ఈ పద్ధతికి న్యాయదర్శనం పెట్టిన పేరు ‘శేషవత్’ అనుమానం. న్యాయసూత్రాల మీద వాత్స్యాయనుడు రాసిన భాష్యం ఇచ్చిన ఉదాహరణ కూడా నిండుగా పారే నదే. మత్తుపదార్థాల కోసం చేసే మూత్ర పరీక్షదీ ఇదే తర్కం. అయితే ఏరు చెప్పేది వాన పడిందని, ఇప్పుడు పడుతోందని కాదు. ఎంత పాపపు వాన అన్నది అసలే చెప్పదు.

గంజాయిలోని టీహెచ్‌సీకి కొవ్వులో కరిగే గుణం ఉంది. మత్తు కొన్ని గంటల్లో దిగిపోయినా పదార్థం ఒంటి కొవ్వులో నక్కి, కాలేయం మార్చిన రూపంలో కొంచెం కొంచెంగా బయటికొస్తుంది. ఎప్పుడో ఒకసారి తాగినవాడిలో మూడు నాలుగు రోజులు, రోజూ తాగి మానేసినవాడిలో ఒక్కోసారి నెల దాటినా కనిపిస్తుంది. కొకైన్ ఆనవాలు సాధారణంగా రెండు నుంచి నాలుగు రోజులే. హెరాయిన్‌కే ప్రత్యేకమైన గుర్తు ఒక్క రోజు నిలిస్తే గొప్ప. ఆ లెక్కన శుక్రవారం రాత్రి కొకైన్ పీల్చినవాడు వచ్చే గురువారానికి శుద్ధుడు, మూడు వారాల కిందట గంజాయి మానేసినవాడు దోషి! గడువును నిర్ణయిస్తున్నది కొవ్వు, నేరం కాదు. పోనీ పరిమితి అయినా స్థిరమా? 1998 నగానో ఒలింపిక్స్‌లో స్నోబోర్డర్ రాస్ రెబాగ్లియాటి మూత్రంలో మిల్లీలీటరుకు 17.8 నానోగ్రాముల గంజాయి ఆనవాలు తేలితే, అప్పటి హద్దు 15 కాబట్టి స్వర్ణం లాక్కున్నారు. గంజాయి నిషేధం నిబంధనల్లో సరిగా లేదని తేలడంతో రోజుల్లోనే తిరిగిచ్చారు. 2013లో ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ ఆ హద్దును 150కి పెంచింది.

కట్ట అడ్డం పడినా ఏరు పొంగుతుంది కదా అని న్యాయసూత్రాల్లో పూర్వపక్షి అడుగుతాడు. వాన నీటికి వేగం, నురుగు, కొట్టుకొచ్చే ఆకులూ కట్టెలూ ఉంటాయి, వాటిని చూసి పోల్చుకోమని భాష్యకారుడి జవాబు. మన కూరల్లో పడే గసగసాలే ఇక్కడ ఆ కట్ట. వాటి వల్ల మార్ఫిన్ కనిపిస్తోందనే అమెరికా ప్రభుత్వ పరీక్షల్లో ఓపియేట్ల హద్దును 1998లో 300 నుంచి 2000 నానోగ్రాములకు పెంచారు. నురుగునూ కట్టెలనూ చూడ్డమంటే ప్రయోగశాలలో రెండోసారి నిర్ధారించుకోవడం. చేతిలో పట్టే పరీక్ష పట్టీకి అంత చూపు లేదు. దాని మీద పరీక్ష గీత కనిపిస్తే మనిషి నిర్దోషి, అది రాకపోతే అనుమానితుడు. (కొత్తవాళ్లు దీన్ని తలకిందులుగా చదువుకోవడంలో వింతేమీ లేదు.)

బస్సు నడిపేవాడి విషయంలో చాదస్తమే మేలు కదా అంటారు. నిజమే, గంజాయి అలవాటున్నవాడికి స్టీరింగు ఇవ్వకూడదని నియమం పెట్టుకోవచ్చు. కానీ అది అలవాటు మీద నియమమని ఒప్పుకోవాలి. ఎందుకంటే అరగంట కిందటే దమ్ము లాగినవాడి మూత్రం ఇంకా శుభ్రంగానే ఉండొచ్చు. ఆనవాలు అందులోకి దిగడానికి గంటలు పడుతుంది. తాజాగా తాగాడో లేదో తెలియాలంటే రక్తమో లాలాజలమో చూడాలి. చేసిన కర్మ అనుభవించక తీరదు, ఆనవాలు ఉన్నన్నాళ్లూ నింద మోస్తే తప్పేమిటన్నది ఇంకాస్త లోతైన ఆక్షేపణ. కర్మ సిద్ధాంతంలో ఫలం కర్మను బట్టి ఉంటుంది, ధర్మశాస్త్రాలు ప్రాయశ్చిత్తానికి రోజులు లెక్కగట్టిందీ ప్రధానంగా చేసిన పనిని బట్టే. ఇక్కడేమో ఒకే తప్పుకు ఇద్దరి ఒళ్లు రెండు గడువులు ఇస్తున్నాయి. అందులోనూ మానేసినవాడి నమూనాను వారం వారం క్రియాటినిన్‌తో సరిచూసి కొలిస్తే అంకె దిగుతూ పోవడం కనిపిస్తుంది. ఉందా లేదా అని మాత్రమే చెప్పే పట్టీలో ఆ దిగుదల కనబడదు.