ఇంటి మనిషిని చూసుకున్నందుకు డబ్బు అడగవచ్చా?

మన ఊళ్లలో ఈ మాట గట్టిగా అనరు గానీ చాలామంది మనసులో ఉంటుంది. కన్నవాళ్లనో కడుపున పుట్టినవాళ్లనో చూసుకున్నందుకు సర్కారును డబ్బు అడగడమేమిటి, పరువు తక్కువ కాదా అని. చదువుకున్న పిల్లలు సచివాలయంలో కాగితాలు పెడదామంటే పెద్దవాళ్లే అడ్డం పడతారు. "మన పిల్లోడిని చూసుకోవడానికి మనం కూలి తీసుకుంటామా?" అంటారు.

ఈ మాటను కొట్టిపారేయడానికి లేదు. కాళ్లు రాని మనిషిని, చూపు లేని మనిషిని ఎక్కడో వదిలేసి రావడం మన ఇళ్లలో అలవాటు కాదు. చూపు లేకపోయినా చింతపండు గింజ తీస్తాడు, విస్తరి కుడతాడు, పసిదాన్ని ఉయ్యాలలో ఊపుతాడు. ఊళ్లో అతనికి పేరుంది, వరస ఉంది. వికలాంగుడు అన్న మాట చాలా ఇళ్లకు కాగితంతో పాటే వచ్చింది. అయితే ఆ మంచితనం ఎవరి భుజం మీద నిలబడి ఉందన్నది కూడా చూడాలి కదా.

డోలీ సంగతి మనకు తెలుసు. రోడ్డు లేని ఊరినుంచి నిండు గర్భిణిని మోసుకెళ్లేటప్పుడు ఇద్దరు కర్ర ఎత్తుకుంటే వెనక నలుగురు నడుస్తారు. కొంత దూరం పోయాక భుజం మారుస్తారు. ఎవరూ కూలి అడగరు. అడిగితే తప్పే. రేపు నా ఇంటి మనిషికి అవసరమైతే నువ్వు వస్తావని నాకు తెలుసు. మంచం పట్టిన మనిషిని చూసుకోవడం అలా కాదు. డోలీ ఒక పూట మోత. ఇది పదేళ్లు, ఇరవై ఏళ్లు. ఇక్కడ భుజం మార్చడానికి వెనక ఎవరూ నడవరు. ఊరు అయ్యో అంటుంది, పండగకు ఇంత వండినది పంపుతుంది, మళ్లీ పనికి పోతుంది. ఊరిని తప్పుపట్టి లాభం లేదు, కొండ మీద పంట ఎవరికోసమూ ఆగదు.

మోసేది తల్లి. తల్లి పొలానికి పోతే పెద్దకూతురు. తమ్ముడికి తినిపించాలి, కడగాలి, పక్క మార్చాలి. అడ్డాకులకు పోలేదు, సంతకు పోలేదు, ఉపాధి పనికి పోలేదు. ఏడో తరగతిలో బడి మానేసిన ఇలాంటి పిల్ల పేరు పక్కన హాజరు పట్టీలో "చదువుపై ఆసక్తి లేదు" అని రాసి ఉండటం మేము చూశాం. మాస్టర్లు ఆ మాట రాసే ముందు ఒకసారి ఆ ఇంటికి వెళ్లి రావాలి. ఆ పిల్ల పోగొట్టుకున్నదాని పక్కన పెట్టి చూస్తే, డబ్బు అడగడం ప్రేమకు వెల కట్టడం అనిపించదు.

చట్టం ఈ సంగతి ఒప్పుకుంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం, డబ్బు తీసుకున్నా తీసుకోకపోయినా, తల్లిదండ్రులైనా ఇంట్లో మరొకరైనా, చూసుకునే మనిషిని సంరక్షకుల కిందే లెక్కగట్టింది. ఎక్కువ సాయం కావలసిన వాళ్లకు సంరక్షకుల భత్యం ఉండాలని 24వ సెక్షన్‌లో రాసింది. రాయడం ఒకటి, చేతికి రావడం ఒకటి. కేరళలో ఆశ్వాసకిరణం పథకం కింద చూసుకునే మనిషికి నెలకు 600 రూపాయలు పెట్టారు. 2024-25లో ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి కూలి రోజుకు 300. అంటే నెలంతా చేసిన సేవకు రెండు రోజుల కూలి! అయినా ఆ మనిషి చేసేది పనే అని సర్కారు కాగితం మీద ఒప్పుకోవడం చిన్న విషయమేమీ కాదు.

మన దగ్గర వచ్చేది పింఛను. 2024 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగులకు 6,000, పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన వాళ్లకు 15,000. తెలంగాణలో 2023లో 4,016 చేశారు. ఇది వైకల్యం ఉన్న మనిషి పేరన వచ్చే డబ్బు, అతని డబ్బు. అన్న బండి వాయిదాకో, తండ్రి సారాకో అది పోతుంటే, ఇంటి డబ్బు కదా అని మనం ఊరుకుంటున్నాం. సేవకు డబ్బు అడగడం పరువు తక్కువ అనేవాళ్లు ఈ పరువు గురించి కూడా మాట్లాడాలి.

"ఇంట్లో ఉన్న ఆడదే కదా, దానికి డబ్బెందుకు" అనేవాళ్లు మన దగ్గరే కాదు, అన్ని చోట్లా ఉన్నారు. బ్రిటన్‌లో 1976లో చూసుకునేవాళ్లకు ఒక భత్యం మొదలుపెట్టి, భర్తతో కాపురం చేస్తున్న ఆడవాళ్లకు మాత్రం ఇవ్వలేదు. వాళ్లు ఎలాగూ ఇంటిపట్టునే ఉంటారని లెక్క వేశారు. తల్లిని చూసుకోవడానికి ఉద్యోగం మానేసిన జాక్వెలిన్ డ్రేక్ అనే ఆమె కేసు వేసింది. 1986లో ఐరోపా న్యాయస్థానం ఆమె వైపు తీర్పు ఇచ్చాకే ఆ అడ్డు పోయింది. మన ఆడవాళ్ల విషయంలో ఆ లెక్క ఇంకా తప్పు. వాళ్లు ఇంటిపట్టున ఉన్నదెప్పుడు? కొండ మీదో, పొలంలోనో, సంత దారిలోనో ఉంటారు.

ఇక అందరికన్నా మనసును పీడించేది సదరం శిబిరం. అక్కడ మనవాడు చేయగలిగేది ఎవరూ అడగరు, చేయలేనివే అడుగుతారు. 40 శాతం వస్తేనే పింఛను. అతని ముందే "తినలేడు, కడుక్కోలేడు" అని తల్లి చెప్పాలి. సికిల్ సెల్ పిల్లల సంగతి మరీ చిక్కు. ఆ జబ్బు కూడా చట్టంలోని 21 వైకల్యాల్లో ఉంది. కానీ శిబిరం రోజున పిల్ల ఆడుతూ ఉండవచ్చు, వారం తర్వాత ఎముకల నొప్పితో రాత్రంతా ఏడవవచ్చు. బాగున్న రోజున వెళ్లి బాగాలేదని చెబితే అబద్ధమా అని ఒక తల్లి మమ్మల్ని అడిగింది. బాగున్న రోజులూ చెప్పు, బాగాలేని రోజులూ చెప్పు, ఆసుపత్రి చీటీలు తీసుకెళ్లు అన్నాం. ఉన్నదాన్ని దాచడమూ అబద్ధమే, లేనిదాన్ని కలపడమూ అబద్ధమే. పక్కింటివాడికి శాతం వచ్చిందని మనమూ నడవలేనట్టు నటిస్తే, తర్వాత తనిఖీలో నిజంగా నడవలేనివాడే ముందు అనుమానంలో పడతాడు.

దరఖాస్తు రాసిపెట్టే మన యువకులకు ఒక మాట. కాగితం నింపేటప్పుడు తండ్రితో, అన్నతో మాట్లాడి ముగించకండి. పక్కన కూర్చున్న ఆ మనిషికి కోయలోనో కువిలోనో సవరలోనో, ఏ భాష వస్తే ఆ భాషలో, ఏం రాస్తున్నారో చదివి చెప్పండి. ఇంట్లో ఎవరు చూసుకుంటే తనకు ఇష్టమో అతన్నే అడగండి. మాట రానివాళ్లు కూడా ఆ ప్రశ్నకు తల తిప్పి ఎవరివైపు చూస్తారో కాస్త ఆగి గమనించండి.