త్రాసుకు లొంగని జీవితము

దీర్ఘకాలము రాజకీయములలో నిలిచినవాని మేలు నొకవైపు, కీడు నొకవైపు ఉంచి తూచుట లోకపు అలవాటు. సంప్రదాయవాదియైన చక్రవర్తి రాజగోపాలాచారి విషయమున ఆ త్రాసు చాలదు.

మదరాసు ప్రధానమంత్రిగా ఆయన 1938లో పాఠశాలలందు హిందీని నిర్బంధము గావించి, ఎదిరించినవారిని చెరసాలకు పంపెను. 1939లో అస్పృశ్యులని వెలివేయబడినవారి ఆలయప్రవేశమునకు శాసనరక్షణ కల్పించెను. 1953లో ముఖ్యమంత్రిగా గ్రామీణ ప్రాథమిక పాఠశాలలలో చదువును దినమునకు మూడు గంటలకు కుదించి, తక్కిన వేళ పిల్లలు తలిదండ్రుల వృత్తి నేర్వవలెననెను. అది కులవిద్యయని నిరసన చెలరేగెను. 1954లో ఆయన పదవి వీడెను, పథకమును రద్దయ్యెను.

శ్రమ గౌరవనీయమని ఆయన నమ్మెను. ఆ నమ్మకమున కపటము లేదనుకొన్నను ప్రశ్న తీరదు. తండ్రి వృత్తిని వరించుట వేరు, దానికి కట్టువడుట వేరు. చాకలి బిడ్డకు ఆ కట్టు వీడు తావు బడి యొక్కటే. ఆలయద్వారము తెరచిన చేయియే బడివాకిలి సగము మూసెను. ఆ పుణ్యము ఈ బిడ్డ ఋణమును తీర్పదు. ఈ దోషము ఆ పుణ్యమును చెరుపదు. రెంటికిని మూల మొక్కటే: పరుల మేలు తానెరుగుదునను నిశ్చయము.

1960 దశకమున హిందీ నిర్బంధమును ఎదిరించినవారిలో ఆయనయు నిలిచెను. నిర్బంధము పీఠముపై నున్నవానికి మేలుగ తోచును. దాని బరువు క్రింద నున్నవానికే తెలియును. తీర్పు చెప్పువాడు ముందుగా వానినే అడుగవలెను.