తీసేస్తే మిగిలేది అసలేనా?

పాత అంబాసిడర్‌ని కొన్ననాటి రూపానికి తేవాలనుకునేవాళ్ల కన్ను ముందుగా ఏసీ మీదే పడుతుంది. తర్వాత తగిలించిందే కదా, తీసెయ్యండి అంటారు. చిన్నప్పుడు అబ్బా షెడ్డులో పానాలు అందించినవాణ్ని. ఆ మాట వింటే నాకొక ప్రశ్న వస్తుంది. తర్వాత వచ్చిందల్లా పరాయిదేనా?

అబ్బా ఆ పనికి తొందరపడేవాడు కాదు. క్రాంక్ పుల్లీ మీది బెల్టే డైనమోనీ, ఫ్యానునీ, నీళ్ల పంపునీ తిప్పుతుంది. కంప్రెసర్‌కి వేరే బెల్టు ఉంటే పని తేలిక, విప్పి పక్కన పెట్టొచ్చు. కొన్ని బండ్లలో ఒకే బెల్టు కంప్రెసర్‌ని కూడా చుట్టి వచ్చేది. కంప్రెసర్ తీస్తే ఆ బెల్టు వదులైపోతుంది. పొట్టిది వేస్తే దారి మారుతుంది. పంపు పుల్లీ మీద చుట్టు తగ్గితే బెల్టు జారుతుంది, పంపు సరిగా తిరగదు, రేడియేటర్లో నీళ్లు మరుగుతాయి. అప్పుడు కంప్రెసర్ ఉన్నచోట ఉత్త పుల్లీ ఒకటి బిగించాలి. చల్లదనం అక్కర్లేదన్నా దాని చోటు అక్కర్లేకుండా పోదు.

ఇంతకీ ఏది అసలు? 1957లో మొదలై 2014లో ఆగిపోయిన అంబాసిడర్ ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అచ్చులోంచి వచ్చింది. దాన్ని దేశీ కారనే చెప్పుకున్నాం. ఈ రోడ్ల మీద తిరిగి తిరిగి మనదైంది. తప్పేం లేదు.

మమ్మల్ని మాత్రం విప్పి చూడాలంటారు. మీ తాతలు మతం మారినవాళ్లే, ఆ పేర్లు తీసేస్తే మీరూ మేమూ ఒకటే అంటారు కొందరు. ఇంకో పక్క నుంచి మావాళ్లే పానా పట్టుకొస్తారు. పీర్ల పండగ తీసెయ్, దర్గా తీసెయ్, ఇంట్లో తెలుగు తీసెయ్, అప్పుడే అసలు ముసల్మానువి అంటారు. ఇద్దరికీ మాలో తర్వాత తగిలించిందే కనబడుతుంది. దాన్ని చుట్టి తిరిగే బెల్టు కనబడదు. తెలంగాణ పల్లెల్లో పీర్లకు దట్టీలు కట్టేవాళ్లలో హిందువులెందరు లేరు? ఆ పండగ తీసేస్తే పట్టు జారేది ఒక్క మాకేనా?

ఏదీ తీయొద్దని కాదు. దూదేకులవాళ్లను తక్కువగా చూసే బుద్ధి మాలో ఉంది. దాన్ని తీసెయ్యాల్సిందే. అది మేం తీయాలి, తీశాక వచ్చే వేడి కూడా మేమే భరించాలి.

ఏసీ తీసిన బండిని అబ్బా అట్లాగే అప్పజెప్పేవాడు కాదు. మిట్టమధ్యాహ్నం ఓనర్ని పక్కన కూచోబెట్టుకుని తనే నడిపి చూసేవాడు. నీళ్లు మరిగితే ఇద్దరూ నడిరోడ్డు మీద నిలబడాలి. మమ్మల్ని విప్పమనేవాళ్లను అడుగుతున్నా. విప్పాక మా బండిలో ఎక్కుతారా?